ఇంటి కింది మన్ను

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు అది. మా ఊళ్లో ఇప్పటికీ లెక్క అలాగే. ఎవరికి పిల్ల పుట్టినా, ఎవరి పడవ మునిగినా, వంతెన పోకముందా, పోయాకనా అని అడుగుతారు. నెలా తేదీ ఆ తర్వాత.

ఆ ఏడు కమలాలు విరగకాశాయి. మా కోడలు మిత్సుయె కాయలు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పనికి కుదిరింది. మా వాడు తొయొకి కొత్త వంతెన పనిలో ఉన్నాడు. చీకటితో పోయి చీకటితో వచ్చేవాడు. నాలుగేళ్ల మనవరాలు చినామిని పిల్లల బడిలో దింపి తెచ్చే పని నా మీద పడింది.

"కోతలయ్యేదాకానే మామయ్యా," అంది కోడలు. "పొద్దున దింపడం, మూడింటికి తేవడం. టీచరుతో ఓ మాట మాట్లాడాల్సొస్తుంది. అంతే."

ఆ ఓ మాటే నాకు కష్టం. నేను మూడో తరగతి దాటలేదు. పదేళ్లప్పుడే గోడలు మెత్తే మేస్త్రీ దగ్గర చేరాను. నలభై ఏళ్లకి పైగా మన్ను పిసికాను. గోడతో మాట్లాడక్కర్లేదు.

"ఇంకోటి మామయ్యా." చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగింది. "బుధవారం వాళ్లకి మట్టి ఆట ఉంటుంది. మన పిల్లని దింపొద్దని టీచరుకి ఎప్పుడో చెప్పాను. మీకూ తెలిసుండాలని."

నేను తలూపాను.

బడికెళ్లాక తెలిసింది, వారానికి ఎన్ని రోజులుంటే అన్ని పనులని. సోమవారం మధ్యాహ్నం నిద్రకి చిన్న పరుపు మూట మోసుకెళ్లాలి. మంగళవారం ఆర్గను పెట్టె దగ్గర పాటలు. గురువారం పిల్లలంతా ఒకే తాడు పట్టుకుని వరసగా ఊళ్లోకి షికారు. శుక్రవారం పరుపు మూట ఉతుక్కోడానికి మళ్లీ ఇంటికి. నా కంటే చినామికే ఇవన్నీ బాగా తెలుసు. "తాతా, ఇవాళ సోమవారం, మూట!" అని గుమ్మంలోంచి వెనక్కి పంపేది.

అన్నిటికంటే పెద్ద బాధ కబుర్ల పుస్తకం. పిల్ల ఇంట్లో ఏం తింది, ఎలా పడుకుంది, అవన్నీ రోజూ మనం రాయాలి. బడిలో ఏం చేసిందో టీచరు రాస్తుంది. టీచరు పేరు ఒరితో. కొండ మీది ఊరి పిల్ల, ముప్ఫై దాటలేదు. నాకు చదువు అంతంతే అని కనిపెట్టి, పిల్లలకి రాసినట్టే తేలికక్షరాల్లో పెద్దగా రాసేది. నేను రోజూ ఒక ముక్క రాసేవాణ్ణి. 'గాలి ఎక్కువ.' 'మబ్బు.' 'సాయంత్రం వాన.'

మొదటి వారం చివర టీచరు పుస్తకం పట్టుకుని నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"తాతగారూ, మీ పుస్తకం చూసి మా ఆయన చేపల వేటకెళ్తున్నాడు. వాతావరణం అంత బాగా రాస్తున్నారు. కాస్త చినామి గురించి కూడా ఓ ముక్క పడెయ్యండి."

మర్నాడు ఇలా రాశాను: 'గాలి లేదు. చినామి ఉంది.'

దాన్ని టీచరు మిగతా ఇద్దరు టీచర్లకీ చదివి వినిపించిందట. షిగె ముసలమ్మ చెప్పింది. షిగె మా వీధి మనిషే, తన మనవణ్ణి దింపడానికి వచ్చేది. నేను మాట్లాడాల్సినవన్నీ కూడా ఆవిడే మాట్లాడేది.

"ఏం మేస్త్రీ, మాటలు అంగట్లో కొనుక్కోవాలా ఏమిటి నీకు? పోయిన మీ ఆవిడ నీతో నలభై ఏళ్లు ఎలా వేగిందో!"

"విన్నాను," అన్నాను.

"ఏం విన్నావు?"

"ఆవిడ మాటలు."

షిగె గేటు పట్టుకుని నవ్వింది.

రెండో బుధవారం నేను కాస్త ముందు వెళ్లాను. పెరట్లో ఇరవై మంది పిల్లలు చెప్పుల్లేకుండా, మోచేతుల దాకా మట్టి. బురద ముద్ద చేసి, నీళ్లు పిండి, గుండ్రం చేసి, పొడి మన్ను చల్లి అరచేతి అంచుతో రుద్దుతున్నారు. మళ్లీ చల్లడం, మళ్లీ రుద్దడం. వారాల తరబడి అలా రుద్దితే మట్టి ఉండ అద్దంలా మెరుస్తుంది. మా వైపు పిల్లలకి అదో పిచ్చి. ఎవరి ఉండ వాళ్లకి పేరుతో సహా అరలో ఉంటుంది. ఒకడు ఏడుస్తున్నాడు, ఉండ చీలిందని. ఇంకో పిల్ల వాణ్ణి ఊరుకోబెడుతోంది, తన చేతి మట్టి వాడి బుగ్గకి రాస్తూ.

చినామి మెట్టు మీద కూర్చుంది. తెల్ల మేజోళ్లు. రెండు చేతులూ మోకాళ్ల మీద. పక్కన పొడి మన్ను గిన్నె. ఎవరికి కావాలంటే వాళ్లకి ఆ గిన్నె కాలితో కొంచెం ముందుకి తోస్తోంది. చేత్తో కాదు.

వకానా అనే గడుగ్గాయి పిల్ల నాతో చెప్పింది: "తాతగారూ, మీ చినామికి మట్టంటే భయం. అందుకే మేం దాన్ని కొట్టువాలాని చేశాం."

ఇంటికొస్తుంటే కమలాల బళ్లు ఎదురొచ్చాయి. పక్కకి తప్పుకుని నిలబడ్డాం. చినామి నా వేలు లాగింది.

"తాతా, మన్ను చల్లగా ఉంటుందా, వెచ్చగా ఉంటుందా?"

మన్ను మెత్తి అన్నం తిన్నవాడి మనవరాలు అడగాల్సిన మాట కాదు.

వరద తీసిన రోజున మా పెరట్లో మోకాటి లోతు బురద. చినామికి అప్పటికి రెండేళ్లు. మిత్సుయె పిల్లని నా చంకకెత్తి, బియ్యం ఏమన్నా మిగిలాయేమో చూడ్డానికి లోపలికెళ్లింది. బురదలో నా తాపీల పెట్టె మూల ఒకటి కనిపించింది. పిల్లని గట్టు మీద కూర్చోబెట్టి వంగాను. పెట్టె పీకి వెనక్కి తిరిగేసరికి గట్టు మీద పిల్ల లేదు. బురద మీద చిన్న పాదం ఒకటి కనపడింది.

కోడలే ఉరికొచ్చి లాగింది. నోట్లో వేలు పెట్టి బురద తీసింది. పిల్ల ఏడ్చింది. అంతే జరిగింది. మిత్సుయె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ తర్వాత మూడు నెలలు ఒక్కతే ఇల్లంతా బురద ఎత్తిపోసింది, గీకింది, కడిగింది. తాపీల పెట్టె అటకెక్కింది. ఉత్తరపు గోడకి మన్ను రాలిపోయి వెదురు తడక బయటపడితే రేకు కొట్టి వదిలేశాం. గోడలు మెత్తేవాడి ఇంటికి రేకు గోడ.

మర్నాడు టీచరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ ఆర్గను తుడుస్తోంది.

"పిసకనివ్వండి," అన్నాను.

"ఏమిటి తాతగారూ?"

"మన్ను."

"అమ్మగారు వద్దన్నారు కదా."

"బట్టలు నేను ఉతుకుతాను."

"ఉతుకుడు సంగతి కాదండీ ఇది." గుడ్డ పక్కన పెట్టింది. నా చేతుల వంక చూసింది. "నేనైతే అబద్ధం రాయను. బుధవారం పేజీ మీకే వదిలేస్తాను. ఆరు వారాల్లో తల్లిదండ్రుల శనివారం వస్తుంది. పెద్దవాళ్లంతా వచ్చి పిల్లలతో కలిసి ఉండలు చేస్తారు. ఆలోగా ఆవిడకి మీరే చెప్పాలి. నేను కాదు, చినామి కాదు. మీరు. సరేనా?"

"ఊఁ."

"'ఊఁ' కాదు. చెప్తానని అనండి."

"చెప్తాను."

తర్వాతి బుధవారం కూడా ముందే వెళ్లాను. చినామి మేజోళ్లు విప్పి నా జేబులో పెట్టింది. బురద గిన్నెలో ఒక వేలు ముంచింది. తీసింది. నా వంక చూసింది.

"చల్లగానే ఉంది తాతా!" అని మొత్తం చెయ్యి దింపేసింది.

మొదటి ఉండ వంకాయలా వచ్చింది. రెండోది నిట్టనిలువునా చీలింది. పిల్ల పెదవి వణికింది. మా మేస్త్రీ నాకు చెప్పిన మాటే నేనూ చెప్పాను. "పగిలితే మళ్లీ పిసుకుదాం." పిల్ల ముక్కు చీది మళ్లీ పిసికింది. మిగతా పిల్లలు చుట్టూ చేరారు. రుద్దేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదని, పది దాకా లెక్కపెడుతూ ఒకే దిక్కుకి తిప్పాలని, ఎండలో పెడితే చీలుతుందని, రాత్రికి సంచిలో మూటకట్టి చెమట పట్టనివ్వాలని చూపించాను. చెప్పలేదు. చూపించాను. వాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. మూడో వారానికి ఇరవై మంది ఒకేసారి ఒకటి నుంచి పది లెక్కపెడుతుంటే వీధిలోకి వినిపించేది. "పదకొండు కూడా నేర్పు మేస్త్రీ, మీ మన్ను అక్కడే ఆగిపోయింది," అనేది షిగె గేటు దగ్గర్నుంచి.

ఆఖరి మెరుపుకి మెత్తటి మన్ను కావాలి. బడి పెరడుది ఇసక. జల్లెడకి పాత మేజోడు కట్టి జల్లించినా రాలేదు. అలాంటి మన్ను ఎక్కడుందో నాకు తెలుసు. మా ఇంట్లో నేలకి ఎత్తుగా పరిచిన చెక్కబల్లల కింద వరద వదిలిన ఒండ్రు అలాగే ఎండి పడుంది. మొహానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. మిత్సుయె ఇల్లంతా కడిగింది కానీ ఆ కిందకి దూరలేకపోయింది. నేను పొట్టమీద పాక్కుంటూ వెళ్లి గోనెసంచి నింపి తెచ్చాను. బయటికి రావడానికి చినామి నా కాళ్లు పట్టి లాగింది. లాగలేదనుకోండి, లాగుతున్నాననుకుంది.

బుధవారాలు బడి కుళాయి దగ్గరే పిల్ల బట్టలు ఉతికేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగి జేబురుమాలు ఉతికినవాణ్ణి కాదు. షిగె నడుమ్మీద చెయ్యేసుకుని చూసేది.

"ఆ పిండడం ఏమిటయ్యా? బట్టా, పడవ తాడా?"

ఇంటికెళ్లేసరికి బట్టలు సగం ఆరేవి. కోడలు ఏమీ అడిగేది కాదు. నేను ఏమీ చెప్పేవాణ్ణి కాదు.

చెప్పాలని చూశాను. ఒక రోజు కబుర్ల పుస్తకంలో రాసి చూపిద్దామని కూర్చున్నాను. ఎంతకీ 'ఈ రోజు' దాటలేదు. చివరికి 'ఈ రోజు గాలి' అని ముగించాను. ఇంకో రోజు షెడ్డు దాకా నడిచాను. మిత్సుయె కమలాల మధ్య నిలబడి చకచకా ఏరుతోంది. నన్ను చూసి కంగారుపడింది. "ఏమైంది మామయ్యా? పిల్లకి ఏమైంది?" ఏమీ కాలేదన్నాను. "మరి?" కమలాలు బాగున్నాయన్నాను. నా చేతిలో రెండు పెట్టి పంపించింది.

తల్లిదండ్రుల శనివారం వచ్చేసింది. పొద్దున అన్నం దగ్గర నోరు తెరిచాను.

"పులుసులో ఉప్పెక్కువైందా?" అంది.

"లేదు."

"ఇంకేమన్నానా?"

చినామి గిన్నె మీదుగా నన్నే చూస్తోంది. దానికీ తెలుసు. ఆరు వారాలుగా అదీ నోరు కట్టేసుకుంది.

"బడికి వస్తావు కదా," అన్నాను.

"వస్తున్నానని వారం కిందటే చెప్పాను కదా మామయ్యా," అంది మిత్సుయె.

బడి పెరట్లో చాపలు పరిచారు. చాపకో మట్టి గిన్నె. తల్లులు, తండ్రులు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. నేను తెచ్చిన గోనెసంచి మధ్యలో ఉంది. తొయొకికి వంతెన దగ్గర సెలవు దొరకలేదు. మిత్సుయె ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు వేసుకుని కంచె దగ్గరే నిలబడిపోయింది. టీచరు నా వంక చూసింది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆవిడకి అర్థమైంది. కళ్లు మూసుకుని తెరిచింది.

చినామి అర దగ్గరికి పరిగెత్తి తన ఉండ తెచ్చింది. రెండు చేతుల్లో పెట్టుకుని, పాలగిన్నె మోస్తున్నట్టు నెమ్మదిగా నడిచింది. నల్లగా, కమలాకాయంత, నిగనిగ. దాన్ని తల్లి చేతిలో పెట్టింది. మిత్సుయె వంగి చూసింది. అందులో బడి కిటికీ, ఆకాశం, తన మొహం.

"ఎంత బాగుందే! ఏ రాయి ఇది?"

"రాయి కాదమ్మా, మన్ను. నేనే చేశాను."

"తెలుసులే," అంది కోడలు.

నేను తలెత్తాను.

"తెలీదనుకున్నారా మామయ్యా?" నా వైపు తిరగలేదు, ఉండనే చూస్తోంది. "మీరు పిండిన బట్ట మీద మెలికలు ఇస్త్రీకి కూడా పోవట్లేదు. ఆరు బుధవారాలు ఆగాను, ఇవాళైనా నోరు విప్పుతారేమో అని. పిల్ల రాత్రి ఉలిక్కిపడకుండా పడుకుంటోంది, స్నానంలో పాడుతోంది, అందుకని ఊరుకున్నాను." తర్వాత పిల్లనడిగింది. "ఏం మన్నే ఇంత నునుపుంది?"

"మనింటి కిందదమ్మా. వరద మన్ను. తాత పాక్కుంటూ వెళ్లి తెచ్చాడు."

ఇది ఆవిడకి తెలీదు. వేళ్లు విడిపోయాయి. ఉండ రాతి మెట్టు మీద పడి రెండు చెక్కలైంది.

మిత్సుయె చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. చినామి రెండు చెక్కల వంకా చూసింది. నేను దాని పెదవి వంక చూశాను. వణకలేదు.

"ఏం కాదమ్మా," అంది. "పగిలితే మళ్లీ పిసుకుదాం."

తల్లి చెయ్యి పట్టుకుని చాప దగ్గరికి లాక్కెళ్లింది. మిత్సుయె నిలబడింది. గిన్నెలోకి చూసింది. చేతి గడియారం విప్పి, నాకిచ్చింది. జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచి కూర్చుంది.

నేను సంచిలోంచి ఒండ్రు గిన్నెలో పోసి చెంబుతో నీళ్లు వంచాను.

"ఆగండాగండి! అన్ని నీళ్లా?"

"అంతే పడతాయి."

"మామూలు మన్నుకి పడతాయేమో. దీనికి కాదు." గిన్నె తన వైపు లాక్కుంది. "మూడు నెలలు దీంతోనే కాపురం చేశాను మామయ్యా. ఎక్కువ తడిపితే మెత్తగా లొంగినట్టే ఉంటుంది, ఆరాక తాబేటి చిప్పలా నెర్రెలిస్తుంది. కొంచెం చెమ్మ తగిలిస్తే చాలు, అట్టులా ఒకే ముక్కగా వస్తుంది. నా వంటింట్లో ఎన్నిసార్లు చూశాననుకున్నారు?"

"నలభై ఏళ్లు పిసికాను," అన్నాను.

"కొండ మన్ను పిసికారు. ఇది ఏటి మన్ను."

"అదే మన్ను."

"అదే అయితే మీరొకటి చెయ్యండి, నేనొకటి చేస్తాను."

రెండేళ్ల నుంచి మేం ఇన్ని మాటలు అనుకోలేదు. పిల్లలు మా చాప చుట్టూ చేరారు. "చినామి వాళ్లమ్మా, చినామి వాళ్ల తాతా పందెం!" అని వకానా ఊరంతా వినేలా అరిచింది. షిగె నా గెలుపు మీద ఒక కమలాపండు కాసింది. ఇరవై మంది ఒకటి నుంచి పది లెక్కపెట్టారు, మళ్లీ ఒకటి నుంచి పది. మిత్సుయె ముక్కు మీద మట్టి. జుట్టులో మట్టి. చినామి తల్లి మోచేతి కింద దూరి పొడి మన్ను చల్లుతోంది, ఒకే దిక్కుకి తిప్పాలమ్మా, ఊపిరి బిగబట్టకూడదమ్మా అని పాఠం చెబుతూ.

పిల్లల భోజనాల గంట కొట్టేసరికి నాది నెర్రె విచ్చింది. ఆవిడది విచ్చలేదు.

"షిగె పిన్నీ, పండు," అంది కోడలు చెయ్యి చాచి.

"ముసలాణ్ణి నమ్మితే ఇంతే," అని షిగె పండు ఇచ్చేసింది.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాం. ఆవిడ ముందు, నేను వెనక. నీళ్లు గోధుమరంగుగా పోతున్నాయి. మిత్సుయె గోళ్లు తోముకుంటూ, మామూలుగా, కూర ఏం వండాలి అన్నట్టు అడిగింది.

"ఆ రోజు ఆ తాపీల పెట్టె దొరికిందా మామయ్యా?"

రెండేళ్లలో ఆవిడ అది అడగడం ఇదే మొదటిసారి.

"దొరికింది."

"ఎక్కడుంది?"

"అటక మీద."

"తుప్పు పట్టుంటాయి," అంది. కుళాయి కట్టకుండా నాకోసం పక్కకి జరిగింది.

ఆ రోజు కబుర్ల పుస్తకంలో నేను రాసింది టీచరు చాలా ఏళ్లు దాచుకుందట. 'ఎండ. కోడలు గెలిచింది.'

మర్నాడు ఆదివారం. పొద్దున్నే అటకెక్కి పెట్టె దించాను. తాపీలు ఏడూ ఉన్నాయి, ఒకటి కూడా పోలేదు. ఇటుకపొడి పెట్టి తుప్పు వదిలించాను. ఉత్తరపు గోడ రేకు ఊడదీశాను. ఇంటి కింద నుంచి నాలుగు గంపల ఒండ్రు లాగి, పెరట్లో గుంట చేసి, గడ్డి తరిగి కలిపాను. మిత్సుయె బొక్కెనతో నీళ్లు తెచ్చి పెట్టింది. "సగం చాలు మామయ్యా," అని బట్టలు ఆరెయ్యడానికి పోయింది. ఆవిడ వీపు నావైపే ఉంది. నా చెయ్యి బొక్కెన మీదికి పోయింది, అంతా వంచేద్దామని. సగం దగ్గర ఆపాను.

తొక్కడానికి కాళ్లు కావాలి. చినామి అప్పటికే మేజోళ్లు విప్పి నా జేబులో పెట్టేసింది. దాన్ని ఎత్తి మన్నులోకి దింపాను. అది ఒకటి నుంచి పది లెక్కపెడుతూ గుంట చుట్టూ తొక్కింది. నేను గట్టు మీద దాని చెయ్యి పట్టుకుని, చుట్టూ తిరిగాను.